ఉష్ణమండలము: ఒక విశేషణపు చరిత్ర

భూగోళ పాఠము మొదలుపెట్టిన ప్రతి తెలుగు బాలుడూ బాలికా తొలుత వల్లెవేయు విషయములలో భూమండల విభాగ మొకటి. భూమిని అయిదు పట్టీలుగా పంచినారు. నడుమ నున్నది ఉష్ణమండలము. దానికి ఉత్తర దక్షిణములందు సమశీతోష్ణ మండలములు రెండు. ధ్రువముల చెంత శీతమండలములు రెండు. పైన కర్కటరేఖ, క్రింద మకరరేఖ హద్దులుగా, భూమధ్యరేఖకు అటు 23½ డిగ్రీలు, ఇటు 23½ డిగ్రీలు ఉష్ణమండలపు విస్తీర్ణము. తెలుగునాడు దక్షిణపు కొస 12½ డిగ్రీలు దాటిన చోటను, ఉత్తరపు కొస ఇంచుమించు 20 డిగ్రీల చెంతను ఉన్నవి. కనుక కుప్పము మొదలు ఆదిలాబాదు వరకు మనమందరము నికరముగా ఉష్ణమండల వాసులము. పరీక్షలో ఈ మాట వ్రాసి మార్కులు తెచ్చుకున్నవారము కూడా.

ఉష్ణమనగా వేడి. అంత భయపెట్టు మాట కాదు. ఉష్ణోదకముతో స్నానము చేస్తాము. వంటికి ఉష్ణము చేసినదని మజ్జిగ త్రాగుతాము. కాని మన పండితులు ఉష్ణమని మెత్తగా తెనిగించిన ఆ ఆంగ్ల విశేషణము ‘టారిడ్’. దాని వెనుక లాటిను భాషలోని ‘జోనా టొర్రిడా’ ఉన్నది. దానికిని వెనుక ‘నిలువెల్ల కాలిపోయినది’ అని అర్థమిచ్చు గ్రీకు మాట ఉన్నది. ఉన్నది ఉన్నట్లు తెనిగించి, ‘మాడిపోయిన మండలము’ అని పాఠములో వ్రాసియుంటే, ‘మనము ఎప్పుడు మాడిపోయినాము?’ అని ఏ కొంటె కుర్రవాడైనా పంతులుగారిని అడిగియుండును. అడుగవలసిన ప్రశ్నయే అది. ఈ విశేషణమును ఎవరు పెట్టినారు, ఎక్కడ నిలుచుండి పెట్టినారు, అది లోకములో ఏమేమి పనులు చేసినది అన్నది నేటి ప్రసంగ విషయము.

ముందు మాట పుట్టుక. లాటినులో ‘టొర్రేరే’ అను క్రియకు ఎండబెట్టుట, మాడ్చుట, వేయించుట అని అర్థములు. నేడు హోటళ్ళలో మనము తెప్పించుకొను టోస్టు రొట్టె ఆ ఇంటి బిడ్డయే. కుతకుత ఉడికినట్లు ఉరవడిగా పారు ఏటికి ఆంగ్లములో ‘టారెంట్’ అను పేరు కూడ అక్కడినుండియే వచ్చినది. భాషాశాస్త్రజ్ఞులు ఇంకను వెనుకకు పోయి, దీనిని సంస్కృతమందలి ‘తృష్’ ధాతువుతో కలుపుతారు. తృష్ణ అనగా దప్పిక. ఆంగ్లమున దప్పికకు గల ‘థర్స్ట్’ అను మాటయు ఆ బంధువర్గములోనిదే. కనుక ఈ విశేషణమునకు అడుగున నున్నది నిప్పు కాదు, ఎండిన గొంతు.

తెలుగునకు లాటినుతో చుట్టరికము లేదు. అయినను మన పూర్వులు ఇదే త్రోవలో ఆలోచించినట్లు కనబడుతున్నది. సూర్యుని వేడి వెలుగును మనము ‘ఎండ’ అన్నాము. తడి ఆరిపోవుటను ‘ఎండు’ అన్నాము. వడియములను ఎండబెట్టునదియే ఎండ. అటులనే వేడి, వేసవి, వేగు, వేచు అను మాటలు ఒకే ద్రావిడ మూలమునుండి పుట్టినవని విజ్ఞుల అభిప్రాయము. పెనము మీద గింజ వేగినట్లు మనిషి వేగిపోవు ఋతువు వేసవి. రోమునగరమున మాట్లాడుకున్నవారును, కృష్ణాతీరమున మాట్లాడుకున్నవారును వేడిని దాని పనిని బట్టియే గుర్తించినారు. భేదమంతయు తరువాత వచ్చినది. మనము ఆ మాటను ఒక పూటకు, ఒక నెలకు, ఒక గాలికి వాడినాము. వారు దానిని భూమిలో ఒక భాగమునకు శాశ్వతముగా తగిలించినారు.

ఆ పని మొదట చేసినవాడు పార్మెనిడీసు అని గ్రీకుల ఐతిహ్యము. క్రీస్తుకు పూర్వము అయిదవ శతాబ్దివాడైన ఈ తత్త్వవేత్త భూమిని అయిదు మండలములుగా పంచినాడని పోసిడోనియసు చెప్పగా, ఆ మాటను భూగోళ గ్రంథకర్త స్ట్రాబో మనకందించినాడు. నాలుగవ శతాబ్దిలో అరిస్టాటిలు తన వాతావరణ గ్రంథమున దీనికి శాస్త్రము హోదా కల్పించినాడు: రెండు అయనరేఖల నడుమ వేడిమిచేత మనుష్యులు నివసింపజాలరు. ఆయన తర్కము తేలికగా ఊహింపదగినదే. గ్రీసు దేశమునుండి దక్షిణమునకు పోయిన కొలది ఎండ హెచ్చుతున్నది. ఈజిప్టులో ఎక్కువ, దానికి దిగువ ఇంకను ఎక్కువ. ఆ లెక్కన మెట్టు మెట్టుగా దిగుతూపోతే, సూర్యుడు నడినెత్తికి వచ్చు చోట సమస్తము భస్మము కావలసినదే! మెట్లు కొన్ని చూచి, చూడని మెట్లను కూడ అదే కొలతతో కట్టుకొనుట మానవ సహజము. అందులకై అరిస్టాటిలును నిందించుట మా ఉద్దేశము కాదు. కాని ఈజిప్టునకు దక్షిణమున నుండు నల్లని జనులకు గ్రీకులు పెట్టిన ‘ఇథియోపియను’ అను పేరునకు ‘కాలిన మొగము వారు’ అని అర్థమని మాత్రము శ్రోతలు మనసున నుంచుకొనవలెను. నేలకు పెట్టిన విశేషణము అప్పుడే మనుష్యుల మీదికి ప్రాకినది.

గ్రీకులలో అందరును దీనిని నమ్మలేదు. చరిత్రకారుడు పొలీబియసు భూమధ్యరేఖ క్రింద జనులు నివసింతురని వాదించి, ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసినాడట. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దివాడైన పోసిడోనియసు మరింత సూక్ష్మముగా ఆలోచించినాడు. సూర్యుడు భూమధ్యరేఖను వడిగా దాటిపోవును. అయనరేఖల దగ్గర మాత్రము వెనుదిరుగుటకై తారాడును. కావున అసలైన మంట అయనరేఖల క్రిందనే గాని నట్టనడుమ కాదని ఆయన వాదము. నేటి లెక్కలు వేసి చూచినను ఇది సరిపోవుచున్నది. ఒక్కొక్క రాకలో భూమధ్యరేఖకు ఒక డిగ్రీ లోపల సూర్యుడు నిలుచునది సుమారు అయిదు రోజులే. కర్కటరేఖకు ఒక డిగ్రీ లోపల ముప్పది రోజులకు పైగా నిలుచును.

ఇంత చక్కని వాదము ఎందులకు ఓడిపోయినది? మాకు తోచిన కారణమిది. వర్జిలు, ఓవిడు వంటి మహాకవులు అయిదు మండలముల వర్ణనను పద్యములలోనికి ఎక్కించినారు. పిల్లలు ఆ పద్యములు వల్లెవేసినారు. అయిదవ శతాబ్ది ప్రాంతమున మాక్రోబియసు వ్రాసిన వ్యాఖ్య వేయేండ్లు ఐరోపా పాఠశాలలలో నడచినది. పోసిడోనియసు లెక్క పండితుల పెట్టెలలో నుండిపోయినది. పద్యము నోళ్ళలో నిలిచిపోయినది. వల్లెవేసిన విశేషణమును ఊడదీయుట ఎంత కష్టమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అదే కాలమున మన సిద్ధాంతకర్తలు ఏమి చేస్తున్నారో ఇచ్చట చూడదగును. క్రీ.శ. 499 ప్రాంతపు ఆర్యభటీయమునందును, సూర్యసిద్ధాంతమునందును భూమధ్యరేఖ ప్రసక్తి వచ్చుచున్నది. దానిని వారు ‘నిరక్షము’ అన్నారు. అక్షాంశము లేనిది అని అర్థము. విషువదినమున మధ్యాహ్నము అక్కడ శంకువునకు నీడ ఉండదు. ఏడాది పొడుగునను పగలు ముప్పది ఘడియలు, రాత్రి ముప్పది ఘడియలు. ఆ రేఖ మీద వారు నాలుగు పట్టణములను నిలిపినారు: లంక, యమకోటి, సిద్ధపురము, రోమకము. ఇవి గణితము కొరకు కల్పించుకొన్న పట్టణములే గాని ఎవరో పోయి చూచి వచ్చినవి కావు. సిద్ధాంత లంక నేటి సింహళము కాదు. కాబట్టి మనవారు భూమధ్యరేఖను ముందే కనిపెట్టి వచ్చినారని గొప్పలకు పోవుట తగదు. అయినను ఒక సంగతి గమనింపదగినది. గ్రీకు పండితుడు మనిషి బ్రదుకజాలడని చెప్పిన చోటనే మన గణితజ్ఞుడు నిస్సంకోచముగా ఊరు కట్టినాడు. ఆ రేఖకు పేరు పెట్టునప్పుడు నీడను కొలిచినాడు గాని మంటను తలచలేదు. ఆయన కొలతలకు ఆయువుపట్టైన ఉజ్జయిని దాదాపు కర్కటరేఖ మీదనే ఉన్నది. నడినెత్తిన సూర్యుడు ఆయనకు ఏటేట చూచు చుట్టము. భయంకరమైన ఊహ కాదు.

ఐరోపా నావికుల కథ వేరు. ఆఫ్రికా పడమటి తీరమున బొజదోరు అగ్రము దాటుటకు పోర్చుగీసువారు ఏండ్ల తరబడి జంకినారు. నిజమునకు అది కర్కటరేఖకు కూడ ఉత్తరముననే ఉన్నది! 1434లో గిల్ ఈనెష్ అనువాడు దానిని దాటి క్షేమముగా తిరిగివచ్చినాడు. 1482 నాటికి పోర్చుగీసు రాజు గినియా తీరమున ఎల్మీనా కోట కట్టించినాడు. కొలంబసు వద్దనుండిన ఒక భూగోళ గ్రంథపు అంచులలో చేవ్రాత గమనికలు నేటికిని నిలిచియున్నవి. మాడిపోయినదను మండలము నిర్జనము కాదు, అందు జనులు క్రిక్కిరిసియున్నారు, ఆ కోటను మేము చూచినాము అను తాత్పర్యముగల గమనిక వానిలో ఒకటి. కోట భూమధ్యరేఖ మీదనే ఉన్నదని ఆ వ్రాతలో అన్నారు గాని, అది అయిదు డిగ్రీలు ఉత్తరమున ఉన్నది. కోటలోని సిపాయిలకు ఈ భేదము పట్టియుండదు.

ఈ విశేషణమును చూచి మొట్టమొదట పగలబడి నవ్వినవాడు హోసె దె అకోస్తా అను స్పెయిను దేశపు జెసూయిటు మతగురువు. 1570 ప్రాంతమున ఆయన పెరూ దేశమునకు ఓడమీద పోయినాడు. చిన్ననాటినుండి కవుల వర్ణనలు, తత్త్వవేత్తల గ్రంథములు చదివినవాడు గనుక, భూమధ్యరేఖను సమీపించునప్పటికి భరింపరాని వేడిమికి సిద్ధపడియే యున్నాడు. అది మార్చి మాసము. సూర్యుడు సరిగా నడినెత్తిన ఉన్నాడు. అట్టి సమయమున ఆయనకు చలి వేసినది. వెచ్చదనము కొరకు పోయి ఎండలో నిలుచున్నాడట! అప్పుడు అరిస్టాటిలు వాతావరణ శాస్త్రమును తలచుకొని నవ్వక ఏమి చేయుదునని, 1590లో ప్రకటించిన తన గ్రంథమున దాపరికము లేకుండ వ్రాసినాడు. రెండువేల ఏండ్ల శాస్త్రము ఒక పూట చలికి కూలినది.

కూలినదని అనుకొనుట మన తొందరపాటు. విశేషణములు అంత సులువుగా చావవు. 1848 మే నెలలో యోహానెస్ రెబ్మాన్ అను జర్మను మతప్రచారకుడు తూర్పు ఆఫ్రికాలో పోతూ, భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరమున కిలిమంజారో శిఖరము మీద తెల్లని దానిని చూచినాడు. అదేమని దారి చూపుచున్న మనిషిని అడుగగా, అతడు ‘చలి’ అను అర్థముగల మాట చెప్పినాడు. రెబ్మాన్ అది మంచేనని గ్రహించి వ్రాసి పంపినాడు. లండనులో కూర్చున్న భూగోళ పండితులలో డెస్బరో కూలీ వంటివారు ఎగతాళి చేసినారు. ఉష్ణమండలము నట్టనడుమ మంచేమిటి, కన్ను మోసపోయినదన్నారు. 1861, 1862 సంవత్సరములలో ఫాన్ డెర్ డెకెన్ అను మరియొక యాత్రికుడు ఆ కొండ నెక్కజూచి నిర్ధారణ చేసిన పిదపగాని వివాదము చల్లారలేదు. ఆ కొండ ఎత్తు 5,895 మీటర్లు. ఎత్తునకు పోయిన కొలది చలి హెచ్చునని లండను పండితులకు తెలియక కాదు. అంతకు అర్ధశతాబ్దికి పూర్వమే హంబోల్టు దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖ చెంత మంచుకొండలు ఎక్కి వచ్చినాడు. అయినను చూచి వచ్చినవాని కన్నులకంటె పటము మీది విశేషణమే వారికి నమ్మదగినదిగా తోచినది. దారి చూపిన ఆ మనిషి పేరు చాలమందికి తెలియదు. సరియైన మాట చెప్పినవాడు మాత్రము అతడే.

ఇంతవరకు నవ్వులాటగా చెప్పుకొనవచ్చును. ఇక మీదిది నవ్వదగినది కాదు. ‘అక్కడ మనుష్యులు బ్రదుకజాలరు’ అను వాదము వీగిపోయిన తరువాత, ‘అక్కడ బ్రదుకువారు పూర్తి మనుష్యులు కారు’ అను వాదము తలయెత్తినది. ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ 1748లో ప్రకటించిన ‘ధర్మశాసనముల తత్త్వము’ అను మహాగ్రంథమున శీతోష్ణస్థితికి కొన్ని అధ్యాయములు కేటాయించినాడు. ఒక గొర్రె నాలుకను సగము గడ్డకట్టించి, సూక్ష్మదర్శినిలో చూచి, చలికి నాలుక మీది బొడిపెలు ముడుచుకొనుటను గమనించి, దానినుండి జాతుల స్వభావమునే నిర్ణయించినాడు. చలిదేశమువారు ధైర్యవంతులు, శ్రమజీవులు. ఉష్ణదేశమువారు భీరువులు, అలసులు, దాస్యమునకు తగినవారు. హిందూదేశమును ఆయన ఉదాహరణముగా చూపినాడు. ఆయన స్వేచ్ఛాప్రియుడు, మహామేధావి. ప్రభుత్వాధికారములను మూడుగా విభజింపవలెనన్న ఆయన సిద్ధాంతమునకు నేటి రాజ్యాంగములెన్నో ఋణపడియున్నవి. అట్టివాడు గొర్రె నాలుకను పట్టుకొని మనకు తీర్పు చెప్పినాడు. అటు తరువాత ఒకటిన్నర శతాబ్దికి పైగా పాలకులకు ఈ మాట ఎంత అక్కరకు వచ్చినదో చెప్పనలవి కాదు. 1915లో అమెరికా ఆచార్యుడు హంటింగ్టన్ నాగరకతకును శీతోష్ణస్థితికిని ముడిపెట్టి గ్రంథము వ్రాయునప్పటికి, ఈ భావము విశ్వవిద్యాలయములలో గౌరవముతోనే నడచుచుండెను.

ధవళేశ్వరము ఆనకట్టను ఇచ్చట తలచుకొనుట అప్రస్తుతము కాదు. 1847 మొదలు 1852 వరకు కాటను దొర పర్యవేక్షణమున ఆ నిర్మాణము జరిగినది. గోదావరి వరదలో ఉండగా పని సాగదు. నీరు సన్నగిల్లిన నెలలలోనే సాగవలెను. ఆ నెలలలో కడపటివి వేసవి నెలలు. కాలు మోపనీయని ఇసుక తిన్నెల మీద రాయి మోసినవారు, సున్నము కలిపినవారు వేలాది తెలుగు స్త్రీ పురుషులు. ఉష్ణదేశమువారు అలసులని వ్రాసిన మహానుభావులకు ఆ పుస్తకముల కాగితము కొన్న డబ్బులో ఇట్టి పొలముల పంట పాలు కూడ కొంత ఉండియుండును.

సరే, ఇంతకును ‘టారిడ్’ అను బిరుదుకు ఆ మండలమైనను తగినదేనా? పరమావధి ఉష్ణోగ్రతలను చూడుడు. ప్రపంచమున అధికారికముగా లెక్కకెక్కిన మిక్కిలి హెచ్చు వేడి 56.7 సెల్సియసు డిగ్రీలు. 1913 జులై 10న అమెరికాలోని మృత్యులోయలో నమోదైనది. ఆ చోటు 36వ అక్షాంశము మీద, అనగా సమశీతోష్ణ మండలములో ఉన్నది. మన దేశములో మిక్కిలి హెచ్చు వేడి 2016 మే 19న రాజస్థానములోని ఫలోదీలో 51 డిగ్రీలు; అదియు కర్కటరేఖకు ఉత్తరముననే. భూమధ్యరేఖకు కూతవేటు దూరమున నున్న సింగపూరులోనో, 1983లోను, మరల 2023లోను 37 డిగ్రీలు తాకినది గాని, నమోదైన చరిత్రలో అంతకు మించలేదు. ‘మాడిపోయిన మండలము’ నడిబొడ్డున 37, ‘సమశీతోష్ణము’లో 56! భూమధ్యరేఖ దగ్గర మబ్బులు, వానలు వేడిని అణచును. అక్కడ పైకి లేచిన గాలి తడి వదలుకొని ఉత్తర దక్షిణముల అయనరేఖల చెంత పొడిగా క్రిందికి దిగును. లోకములోని పెద్ద ఎడారులు చాలవరకు ఆ పట్టీలలోనే ఉండుటకు ముఖ్య కారణమదియే. పోసిడోనియసు ఊహించినది ఇంచుమించు ఇదే. 1817లో హంబోల్టు సమోష్ణరేఖల పటము గీసిన నాటినుండి శాస్త్రజ్ఞులు వేడిని కోణముతో గాక ఉష్ణమాపకముతో కొలుచుట నేర్చినారు. నేటి గ్రంథములలో ‘టారిడ్’ అరుదు. అయనరేఖలను బట్టి వచ్చిన ‘ట్రాపికల్’ అను మాట దాని స్థానమాక్రమించినది. పాత విశేషణము ప్రస్తుతము నవలలలోని ప్రణయములకును, క్రికెట్ వ్యాఖ్యానములలో బంతులకు తట్టుకొనలేని బ్యాట్స్‌మను పడు పాట్లకును పనికివస్తున్నది.

ఇక మన మాటల సంగతి. సంస్కృత నిఘంటువు అమరకోశము కొద్దిపాటి వేడికి నాలుగు మాటలు చెప్పినది: కోష్ణము, కవోష్ణము, మందోష్ణము, కదుష్ణము. తీవ్రమైన వేడికి మూడు: తిగ్మము, తీక్ష్ణము, ఖరము. తిగ్మము, తీక్ష్ణము రెండును పదును పెట్టుట అను అర్థముగల ధాతువునుండి వచ్చినవి. కత్తివలె కోయునది అని భావము. తెలుగులో ‘వాడి’, ‘వేడి’ జంటగా నడచుటకును ఇట్టి భావనయే ఆధారము కావచ్చును. ఖరమనగా కరకైనది, గాడిదకును అదే పేరు, అరువది సంవత్సరములలో ఒకదానికిని అదే పేరు.

తెలుగులో ఎండకు రాజువంటి విశేషణము ‘మండు’. మండు, ఎండ కలిసి మండుటెండ. నిలువుటద్దమునందును, కరకుటమ్మునందును వచ్చిన టకారమే ఇందును వచ్చినది. టుగాగమమని వ్యాకరణము పేరుపెట్టినది. ఈ మాట మధ్యాహ్నమునకే చెల్లును. ఉదయము ఎనిమిది గంటల ఎండను ఎవరును మండుటెండ అనరు. సాయంకాలము అదే సూర్యుడు నీరెండ కాయును. కనుక మండుటెండ ఒక దేశమునకు గాని జాతికి గాని పెట్టిన పేరు కాదు. గడియారము చూచి వాడు మాట. మనిషికి అన్వయించినప్పుడును అంతే: ఒళ్ళు మండినదంటే కోపము, కడుపు మండినదంటే అన్యాయమును సహింపలేని బాధ. ఆ మంట చల్లారునదియే గాని జాతిస్వభావము కాదు.

నెలలకు కూడ మనవారు వేరు వేరు పేర్లు ఏర్పరచినారు. పంచాంగములలో కర్తరి అని ఒక కాలము చెప్పబడును. మే మొదటి వారమున ప్రవేశించి ఆ నెలాఖరు వరకు ఉండును. ఆ దినములలో ఇండ్లు కట్టుట మొదలుపెట్టరు. తెలుగునాట సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చునది ఏ దినములలోనో లెక్కవేసి చూడుడు. కుప్పము ప్రాంతమున ఏప్రిల్ నాలుగవ వారము. హైదరాబాదులో మే 9 ప్రాంతము. ఆదిలాబాదులో మే మూడవ వారము. కర్తరి ఇంచుమించు ఈ దినములనే పట్టుకొన్నది. మరల ఆగస్టు మొదటి వారమున హైదరాబాదు మీదికి సూర్యుడు నడినెత్తికి వచ్చును. అదే సూర్యుడు, అదే కోణము. కాని మబ్బులు క్రమ్మియుండును గనుక ఎవరును దానికి పేరు పెట్టలేదు. కర్తరి వెనుక రోహిణి కార్తె. రోహిణిలో రోళ్ళు పగులునన్నది సామెత. పిదప మృగశిర, చల్లబడుటకు అది వాయిదా.

వీటన్నిటికంటె విలువైన భేదమొకటి మన వాడుకలో ఉన్నది. పొడి వేడి వేరు, తడి వేడి వేరు. పల్నాటి రెంటచింతలలో, గోదావరి ఎగువ రామగుండములో కాయునది ఎండ, వీచునది వడగాలి, తగులునది వడదెబ్బ. బందరులో, కాకినాడలో పట్టునది ఉక్క. ఉక్కలో ఎండ అంత ఉండనక్కరలేదు. మబ్బు పట్టిన నాడును ఉక్కపోయును. చెమట పోయును గాని ఆరదు. చెమట ఆరినప్పుడే దేహము చల్లబడును. గాలిలో తేమ నిండియున్నప్పుడు ఆ దారి మూసుకొనును. కనుక 44 డిగ్రీల పొడి ఎండకు ఓర్చుకొన్నవాడు 38 డిగ్రీల ఉక్కలో సొమ్మసిల్లవచ్చును. ఈ రెండింటిని ఒక్క విశేషణములో కలిపివేయుట తెలుగువానికి తోచలేదు. ఉష్ణమండలమను మాటలో మాత్రము రెండును కలిసిపోయినవి.

2003 వేసవిలోను, మరల 2015 మే నెలలోను, తెలుగునాట వేడిమికి బలియైనవారు ఒక్కొక్క పర్యాయము వెయ్యికి మించినారు. వారిలో చాలమంది పొలములలో, కట్టుబడి పనులలో, బజారులలో ఎండను తప్పించుకొనలేని కూలివారు, వృద్ధులు. అప్పటినుండి ప్రభుత్వ ప్రకటనలలో ఒక విశేషణమునకు ప్రాముఖ్యము వచ్చినది. అది ‘తీవ్ర’. వడగాలులు వేరు, తీవ్ర వడగాలులు వేరు. భారత వాతావరణ శాఖ నిబంధన ప్రకారము మైదానములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, మామూలుకంటె 4.5 డిగ్రీలు పెరిగినప్పుడు వడగాలులు, మామూలుకంటె 6.4 డిగ్రీలకు మించి పెరిగినను, లేక 47 డిగ్రీలు తాకినను తీవ్ర వడగాలులు. మండలముల వారీగా ముందునాడే ఈ మాట ప్రకటితమగుచున్నది. మండలమను మాటయే ఇచ్చట చిన్నదైనది చూడుడు: భూమి అయిదు పట్టీలలో ఒకటిగా కాక, తహసీలుదారు కచేరీ గల నాలుగు ఊళ్ళుగా. ఆ విశేషణము ఏ ఊరికి తగిలినదో ఆ ఊరిలో ఉపాధి పనులు తెల్లవారుజామునకు జరుగును. బడి గంట ముందుగా కొట్టుదురు. చలివేంద్రములో కుండలు నిండును.

సముద్రతీరమునకు ఈ నిబంధనలో వేరు కొలత ఉన్నది. అచ్చట 40 చేరనక్కరలేదు, 37 చాలును. పడమటి గాలి పీఠభూమి వేడిని మోసుకొనివచ్చి సముద్రపు గాలిని ఒడ్డునకు రానీయని దినములలో బందరువారు తలుపులు మూసుకొని, వట్టివేళ్ళ తడికలు తడిపి, ‘ఇంకను గాలి తిరుగలేదు’ అనుకొందురు. గాలి మళ్ళిన వార్త మధ్యాహ్నము దాటిన పిమ్మట తాటాకుల చప్పుడే వారికి ముందుగా తెలుపును.